ఊళ్లో బ్రిడ్జ్ ఆడేవాళ్లు లేరా? నలుగురిని కూర్చోబెట్టడం ఇలా

అనంతపురం, కర్నూలు, కడప లాంటి ఊళ్లలో బ్రిడ్జ్ మీద మనసు పడినవాళ్లు ముందు ఆట వచ్చినవాళ్ల కోసం వెతుకుతారు. రెండు మూడు చోట్ల అడుగుతారు. "ఇక్కడెవరు ఆడతారు సార్, అదంతా బెంగళూరు, హైదరాబాదుల్లో" అనే జవాబు విని ఊరుకుంటారు. మీరు ఆ దారి పట్టకండి. ఆట రాకపోయినా ఫరవాలేదు, వారానికి ఒక సాయంత్రం తప్పకుండా వచ్చే ముగ్గురు మీకు కావాలి. ముక్కలు ఎలా వేయాలో చెప్పడానికి ఒక గంట చాలు. ఆ ముగ్గురినీ ఎనిమిది వారాలు వరుసగా అదే బల్ల చుట్టూ కూర్చోబెట్టడమే అసలు పని.

ఆట ఏమిటో ముందు చూద్దాం. బ్రిడ్జ్ నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. జోకర్లు తీసేస్తే మిగిలే 52 ముక్కలు తలా 13 చొప్పున పంచుతారు. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక పట్టు. మొత్తం 13 పట్లు. ముక్కలు వేసే ముందు వేలంపాట నడుస్తుంది. మా జట్టు ఫలానా జాతి తురుపుగా ఇన్ని పట్లు చేస్తుంది అని ఒకరి మీద ఒకరు పాడతారు. పెద్ద పాట పాడిన జట్టు అన్నన్ని పట్లు చేసి చూపించాలి, రెండో జట్టు అడ్డుకోవాలి. ఈ రోజు ప్రపంచమంతా ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లెక్క 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఒక ఓడ ప్రయాణంలో తయారుచేసింది.

ఎవరిని పిలవాలి

రమ్మీ బాగా ఆడేవాళ్లు పనికొస్తారు, అయితే అందులోనూ తేడా ఉంది. పందెం ఉంటేనే చేయి కదిలేవాళ్లు రెండో వారానికే మానేస్తారు. ఎవరు ఏ ముక్క పారేశారో గుర్తుపెట్టుకుని ఆడేవాళ్లు నిలబడతారు. తురుపు పెట్టి ఆడే ఆట ఏదైనా చిన్నప్పుడు ఆడినవాళ్లయితే సగం పని అయిపోయినట్టే. చదరంగం ఆడేవాళ్లు, పేపర్లో సుడోకు, పదకేళి వదలకుండా పూర్తిచేసేవాళ్లు కూడా త్వరగా పట్టుకుంటారు.

బ్యాంకుల్లో, ఎల్ఐసీలో, ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లలో, పెద్ద వయసు డాక్టర్లలో, ప్లీడర్లలో ఒకప్పుడు పెద్ద ఊళ్లలో ఉన్నప్పుడు బ్రిడ్జ్ ఆడి, తోడు లేక మానేసినవాళ్లు ఉండవచ్చు. జిల్లా కేంద్రాల్లో ఆఫీసర్స్ క్లబ్బుల కార్డ్స్ రూముకు వెళ్లి, "బ్రిడ్జ్ ఆడతారా" అని కాకుండా, "సార్, ఇక్కడ ఒకప్పుడు బ్రిడ్జ్ ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని వయసులో పెద్దవారిని అడగండి. మొదటి ప్రశ్నకు లేదనే జవాబు వస్తుంది, రెండో ప్రశ్నకు పేరు వస్తుంది. అనంతపురం వైపైతే పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచే గుంపులు, ఎస్కేయూ, జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయాల క్వార్టర్సు, పిల్లలను చెస్ కోచింగ్‌కు తెచ్చి బయట రెండు గంటలు కూర్చునే తల్లిదండ్రులు, గుంతకల్లు రైల్వే కాలనీ, ఇవన్నీ అడగదగ్గ చోట్లే.

నలుగురు చాలనుకోకండి. ఆరుగురి పేర్లు రాసుకోండి. పెళ్లి ముహూర్తాలు, ఊరి తిరునాళ, అయ్యప్ప మాల, పిల్లల పరీక్షలు, ఏదో ఒక కారణానికి ప్రతివారం ఒకరు రారు. ముగ్గురే మిగిలితే ఆ సాయంత్రం పోయినట్టే. రెండు సాయంత్రాలు వరుసగా పోతే గుంపే పోతుంది. ఐదుగురు వస్తే నాలుగు ఆటలకు ఒకరు చొప్పున పక్కన కూర్చుని స్కోరు రాస్తారు. అలా పక్కన కూర్చున్నవారు ఒక్కరి వెనకే కూర్చుని చూడాలి. నాలుగు చేతులూ తిరిగి చూస్తే ముఖంలో తెలిసిపోతుంది.

వాట్సాప్‌లో ఇలా పంపితే సరిపోతుంది: "ప్రతి ఆదివారం సాయంత్రం 4 నుంచి 6:30 వరకు మా ఇంట్లో బ్రిడ్జ్ నేర్చుకుంటున్నాం. ఆట ఎవరికీ రాదు, అందరం మొదటినుంచి మొదలుపెడుతున్నాం. డబ్బు పందెం లేదు. ఆడవాళ్లు, పిల్లలు కూడా రావచ్చు. నాలుగు వారాలు వరుసగా రాగలిగినవాళ్లు పేరు చెప్పండి." ఇందులో చివరి వాక్యం తీసేయకండి. చూసిపోదామని వచ్చేవాళ్లతో బల్ల నిండుతుంది గాని ఆట నిలవదు.

ఇంట్లో ఏమంటారు

"పేకాట రాయుళ్ల అరెస్టు" అనే వార్త పేపర్లో తరచూ కనిపించే ప్రాంతం మనది. ఇంట్లోవాళ్లు భయపడటంలో తప్పులేదు. వాదించి ఒప్పించే కంటే తలుపులు తీసి ఆడటం మేలు. వరండాలో, ముందు గదిలో, వెలుతురు ఉండగా, ఇంట్లోవాళ్లను కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆడండి. బల్ల మీద చిల్లర కూడా కనిపించకూడదు. టీ డబ్బులు ఓడినవాళ్లు ఇవ్వాలనే చిన్న పందెం కూడా వద్దు. అది మొదలైన చోట ఆరు నెలల్లో పెద్ద పందెం అవుతుంది, అప్పుడు వచ్చేవాళ్లు మారిపోతారు.

అడిగినవాళ్లకు చెప్పడానికి గట్టి మాటలు రెండు ఉన్నాయి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ పురుషుల జంటల విభాగంలో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. గెలిచిన ప్రణబ్ బర్ధన్ వయసు అప్పటికి 60, శివనాథ్ సర్కార్ వయసు 56. హాంగ్‌జౌ క్రీడల్లో పురుషుల జట్టు వెండి పతకం తెచ్చింది. రెండోది చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1968లోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెబుతూ, అందులోని అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని పోల్చింది. దీన్ని పట్టుకుని పందెం పెట్టుకోవచ్చని మాత్రం అనుకోకండి. డబ్బులేని ఆటకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు, హాయి అందులోనే ఉంది.

బల్ల మీద ఏముండాలి

రెండున్నర నుంచి మూడడుగుల చదరపు బల్ల. చాప మీద కూడా ఆడొచ్చు, కానీ రెండు గంటలు వంగి బల్ల మీద పరిచిన డమ్మీ ముక్కలు చూస్తే పెద్దవాళ్ల నడుము పట్టేస్తుంది. వెనకవైపు రంగులు వేరైన రెండు పేకలు కొనండి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒకరు ఒక పేక పంచుతుండగా ఎదురుగా ఉన్నవారు రెండో పేక కలిపి తమ కుడిచేతి వైపు పెడతారు. తర్వాత పంచాల్సినవారికి అది ఎడమచేతి దగ్గర సిద్ధంగా ఉంటుంది. ముక్కలు కలిపే సమయం ఇలా మిగులుతుంది.

ప్లాస్టిక్ ముక్కలే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు చేతులు చెమట పట్టి కాగితం ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, పంచేటప్పుడు ఒకరికి 14, ఒకరికి 12 వస్తాయి. ఫ్యాను సరిగ్గా నెత్తిన ఉంటే డమ్మీ ముక్కలు ఎగిరిపోతాయి కాబట్టి బల్లను నాలుగడుగులు పక్కకు జరపండి. ఉగ్గాని, బజ్జీలు ఆట మధ్యలో వద్దు. నూనె చేతుల మరక పడిన ముక్క వెనకనుంచే గుర్తుపట్టేలా అవుతుంది, ఆ పేక ఇక పనికిరాదు. నాలుగు ఆటల తర్వాత విరామం పెట్టి, తిని, చేతులు కడుక్కుని కూర్చోండి.

ఇవి కాక ఒక నోటు పుస్తకం, పెన్ను, ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని రాసిన నాలుగు చీటీలు. అంతకంటే ఏమీ కొనకండి.

మొదటి సాయంత్రం

మొదటి రోజే వేలంపాట నేర్పబోయి ఎంతోమంది గుంపు చెదరగొట్టుకుంటారు. పాయింట్లు, పాటలు, వాటి అర్థాలు అన్నీ కలిపి మొదటి గంటలో చెబితే కొత్తవారికి తల తిరుగుతుంది, ముక్క ఒక్కటీ వేయకుండానే ఇంటికి పోతారు. మినీ బ్రిడ్జ్‌తో మొదలుపెట్టండి. ఇందులో పాట ఉండదు.

1. గడియారం తిరిగే దిశలో ఒక్కో ముక్క చొప్పున పంచండి. అందరూ తమ 13 లెక్కపెట్టుకున్నాకే ముక్కలు తిప్పి చూడాలి.

2. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పంచినవారితో మొదలుపెట్టి వరుసగా నలుగురూ తమ మొత్తం పైకి చెప్పాలి. నాలుగూ కలిపితే 40 రావాలి. రాకపోతే ఎవరో తప్పు లెక్కపెట్టారు, మళ్లీ చూసుకోండి.

3. ఎక్కువ పాయింట్లున్న జట్టు ఆడుతుంది. ఆ ఇద్దరిలో ఎక్కువ ఉన్నవారు డిక్లేరర్, అంటే తమ ముక్కలూ, పార్ట్‌నర్ ముక్కలూ రెండూ ఆడేవారు. రెండోవారు డమ్మీ. ఇద్దరికీ సమానమైతే ముందు చెప్పినవారు డిక్లేరర్. 20, 20 అయితే మళ్లీ పంచండి.

4. డమ్మీ తన ముక్కలన్నీ జాతులవారీగా బల్ల మీద పరుస్తారు. ఆ తర్వాత వారి పని అయిపోయింది, ఏ ముక్క వేయాలో చెప్పకూడదు. డిక్లేరర్ చూసి తురుపు ఏదో, లేక తురుపే లేని నో ట్రంప్ ఆటో చెప్పాలి. తురుపు చెబితే ఆ జాతిని డమ్మీ తన కుడివైపుకు మారుస్తారు.

5. జట్టుకు 25 లేదా ఎక్కువ పాయింట్లుంటే నో ట్రంప్‌లో 9 పట్లు, ఇస్పేటు లేదా ఆఠీను తురుపైతే 10 పట్లు లక్ష్యం. అంతకంటే తక్కువైతే 7 చాలు.

6. డిక్లేరర్ ఎడమవైపు ఉన్నవారు తొలి ముక్క వేస్తారు. అడిగిన జాతి చేతిలో ఉంటే అదే వేయాలి. లేకపోతే తురుపుతో కొట్టొచ్చు, లేదా ఇంకేదైనా పారేయొచ్చు. పట్టు గెలిచినవారు తర్వాతి ముక్క మొదలుపెడతారు.

ఆడిన ముక్కలు కలిపేసి కుప్ప పెట్టకండి. ప్రతివారూ తమ ముక్కను తమ ముందే బోర్లించాలి. పట్టు మన జట్టుదైతే నిలువుగా, అవతలివారిదైతే అడ్డంగా. ఆట అయ్యాక నాలుగు చేతులూ తిరిగి తెరిచి, ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేదు.

డమ్మీలో మొదటి ముక్క వేసే ముందు

కొత్తవారి ఓటముల్లో సగం ఈ అర నిమిషంలోనే ఖాయమవుతాయి. తొలి ముక్క పడగానే డిక్లేరర్ చేయి చాపి ముక్క వేసేస్తారు. చేయి ఒడిలో పెట్టుకుని ముందు లెక్క వేయండి. ఒక ఉదాహరణను పేక తీసి బల్ల మీద పరిచి చూడండి.

మీ చేతిలో: ఇస్పేటు ఆసు, రాజు, 4. ఆఠీను ఆసు, 6, 3. డైమను రాణి, జాకీ, 10, 5. కళావరు ఆసు, 7, 4. మొత్తం 18 పాయింట్లు.

డమ్మీలో: ఇస్పేటు 7, 6, 2. ఆఠీను జాకీ, 5, 2. డైమను రాజు, 9, 8, 6, 3. కళావరు రాజు, 8. మొత్తం 7 పాయింట్లు.

రెండూ కలిపితే 25, నో ట్రంప్‌లో 9 పట్లు చేయాలి. ఎడమవైపువారు ఇస్పేటు రాణి వేశారు. ఖాయంగా వచ్చే పట్లు లెక్కపెట్టండి. ఇస్పేటులో రెండు, ఆఠీనులో ఒకటి, కళావరులో రెండు, మొత్తం ఐదు. ఇంకా నాలుగు కావాలి. అవి డైమనులో ఉన్నాయి. ఆసు ఒక్కటే అవతలివారి దగ్గర ఉంది, దాన్ని బయటికి లాగితే మిగిలిన నాలుగు పట్లూ మీవే.

కొత్తవారు ఏం చేస్తారంటే, ఇస్పేటు ఆసు, రాజు, ఆఠీను ఆసు, కళావరు ఆసు, రాజు వరసగా దించి ఐదు పట్లు చూసుకుని సంతోషపడతారు. ఆ తర్వాత డైమను తీస్తారు. అవతలివారు ఆసుతో పట్టి, ఇస్పేట్లు, ఆఠీన్లు గెలుచుకుంటూ పోతారు. మీ దగ్గర ఆపడానికి ఆసులూ లేవు, రాజులూ లేవు. ఆట పోయింది.

సరైన పద్ధతి: మొదటి ఇస్పేటు రాజుతో పట్టండి. వెంటనే డైమను రాణి వేయండి. వాళ్లు ఆసు వేసి మళ్లీ ఇస్పేటు తీసినా మీ ఆసు ఇంకా ఉంది. పట్టి, మిగిలిన డైమన్లు, ఆఠీను ఆసు, కళావరు రాజు, ఆసు తీసుకోండి. సరిగ్గా 9. ఎప్పటికైనా వదులుకోక తప్పని పట్టును, కాపలా ముక్కలు చేతిలో ఉండగానే వదిలేయాలి. నో ట్రంప్ ఆటకంతటికీ ఇదే పునాది. తురుపు ఆటలో లెక్క తిరగబడుతుంది, అక్కడ గెలిచే పట్లకు బదులు పోయే పట్లు లెక్కపెట్టండి.

ఇంకో పాఠం ఫినెస్. డమ్మీలో ఆసు, రాణి ఉన్నాయి, రాజు అవతలివారి దగ్గర ఉంది. మీ చేతినుంచి చిన్న ముక్క డమ్మీ వైపు ఆడండి. ఎడమవైపువారు చిన్నది వేస్తే డమ్మీనుంచి రాణి వేయండి. రాజు ఎడమవైపు ఉంటే రాణి గెలుస్తుంది, కుడివైపు ఉంటే పోతుంది. సగానికి సగం అవకాశం. ముందే ఆసు దించేస్తే ఆ సగం కూడా ఉండదు. పెద్ద ముక్కలున్న వైపుకు ఆడాలి గాని, పెద్ద ముక్కతో మొదలుపెట్టకూడదు.

అడ్డుకునేవాళ్లకు మొదటి నెలలో ఈ నాలుగు చాలు. నో ట్రంప్ మీద, మీ పొడుగైన జాతిలో పైనుంచి నాలుగో ముక్కతో మొదలుపెట్టండి. రాజు, జాకీ, 8, 5, 2 ఉంటే 5. రాజు, రాణి, జాకీ వరసగా ఉంటే రాజు. తురుపు ఆట మీద ఆసు చేతిలో పెట్టుకుని దాని కింద చిన్న ముక్క తీయకండి. రెండో చేయి చిన్నది, మూడో చేయి పెద్దది.

జాతి ఉండి కూడా వేరే ముక్క వేయడం మొదటి నెలలో అందరూ చేసే తప్పే. చేతిలో ఎరుపు, నలుపు జాతులు పక్కపక్కన మార్చి మార్చి అమర్చుకోకపోవడం వల్ల డైమను వెళ్లి ఆఠీన్లలో దాక్కుంటుంది. పట్టు బోర్లించకముందే చూసుకుంటే మార్చుకోనివ్వండి. తర్వాత తెలిస్తే ఒక పట్టు అవతలివారికి ఇచ్చి ముందుకు పోండి. ఇది ఇంటి నియమం, పోటీల్లో ఆట నడిపించే డైరెక్టర్‌ను పిలుస్తారు.

ఐదో వారం నుంచి పాట

జాతుల వరుస కిందినుంచి పైకి కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, వాటి పైన నో ట్రంప్. పాటలో చెప్పే అంకెకు 6 కలిపితే పట్ల సంఖ్య వస్తుంది. "2 ఆఠీను" అంటే ఆఠీను తురుపుగా 8 పట్లు. పంచినవారితో మొదలై, ప్రతివారూ అంతకుముందు పాటకు పైది పాడాలి, లేదా పాస్ అనాలి. ఒక పాట తర్వాత వరుసగా మూడు పాస్‌లు పడితే అయిపోయింది. చివరి పాటలోని జాతిని ఆ జట్టులో మొదట ఎవరు పలికారో వారే డిక్లేరర్. చివరిసారి పాడినవారు అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు, దానివల్ల తొలి ముక్క తప్పు చేతినుంచి పడుతుంది.

ఎందుకు పైకి పాడాలో స్కోరు చెబుతుంది. కళావరు, డైమను పట్టుకు 20, ఆఠీను, ఇస్పేటు పట్టుకు 30, నో ట్రంప్‌లో మొదటిదానికి 40, తర్వాతవాటికి 30. మొదటి ఆరు పట్లకు ఏమీ రాదు. పాడిన పట్ల విలువ 100 దాటినా, సరిగ్గా 100 అయినా గేమ్ బోనస్ 300, వల్నరబుల్‌గా (బోనస్సూ, జరిమానా రెండూ పెరిగే వంతు) ఉంటే 500. చేరకపోతే 50 మాత్రమే. కాబట్టి 3 ఇస్పేటు పాడి 10 పట్లు చేస్తే 170, అవే పది పట్లు 4 ఇస్పేటు పాడి చేస్తే 420. ఒక పట్టు తగ్గితే పోయేది 50, వల్నరబుల్ అయితే 100. పాడగలిగిన గేమ్ పాడకపోవడం, పాడి ఒకటి తగ్గడం కంటే చాలా ఖరీదు. వల్నరబుల్ లెక్కకు నాలుగు ఆటల చక్రం పెట్టుకోండి: మొదటిదానిలో ఎవరూ కాదు, రెండోదానిలో ఉత్తర దక్షిణాలు, మూడోదానిలో తూర్పు పడమరలు, నాలుగోదానిలో అందరూ.

రెండు నెలలపాటు మీ పాటల పుస్తకం ఇంతే ఉండాలి. 12 పాయింట్ల కంటే తక్కువైతే పాస్. 12 అంతకంటే ఎక్కువ ఉండి ఇస్పేట్లో ఆఠీన్లో ఐదు ఉంటే ఆ జాతిలో 1. ఏ జాతీ పొడుగు లేకుండా చేయి సమంగా ఉండి 15 నుంచి 17 ఉంటే 1 నో ట్రంప్. మిగిలినవన్నీ కళావరు, డైమనుల్లో పొడుగైనదానిలో 1. పార్ట్‌నర్ 1 ఆఠీను పాడితే, మీ దగ్గర మూడు ఆఠీన్లుంటే ఎనిమిది అయ్యాయి, తురుపుకు అది చాలు. అప్పుడు 6 నుంచి 9 పాయింట్లకు 2 ఆఠీను, 10 నుంచి 12కు 3, 13 పైన 4. మూడు ఆఠీన్లు లేకపోతే నాలుగు ఇస్పేట్లతో 1 ఇస్పేటు, ఏమీ కుదరకపోతే 6 నుంచి 9కి 1 నో ట్రంప్. 6 లేకపోతే పాస్. పార్ట్‌నర్ 1 నో ట్రంప్ మీద 8, 9 ఉంటే 2, 10 నుంచి 15 వరకు 3 నో ట్రంప్.

ఎవరో ఒకరు యూట్యూబ్ చూసి బ్లాక్‌వుడ్, స్టేమన్ అంటూ ప్రత్యేక అర్థాలున్న పాటలు రెండో వారమే తెస్తారు. మొహమాటపడకుండా ఆపండి. స్టేమన్ మూడో నెలలో, బ్లాక్‌వుడ్ ఆ తర్వాత. ఇద్దరికీ ఒకేలా తెలిసిన ఐదు పాటలు, ఒకరికే తెలిసిన ఇరవై పాటల కంటే ఎక్కువ గెలిపిస్తాయి.

పాట నోటితో చెప్పేకంటే కాగితం మీద నాలుగు గడులు గీసి రాయడం మంచిది. గొంతులో హెచ్చుతగ్గులు రావు. "ఒక్క ఇస్పేటూ..." అని సాగదీస్తే పార్ట్‌నర్‌కు సంగతి తెలిసిపోతుంది, బ్రిడ్జ్‌లో అది అన్యాయం. రమ్మీ బల్ల దగ్గర కేకలు, సైగలు అలవాటైనవాళ్లకు ఈ మాట మొదటి రోజే చెప్పండి. ఆట నడుస్తుండగా పార్ట్‌నర్ తప్పు గురించి ఒక్క మాటా వద్దు. నాలుగు ఆటలయ్యాక విరామంలో ముక్కలు పరిచి మాట్లాడుకోండి. భార్యాభర్తలు వస్తే మొదటి మూడు నెలలు వేర్వేరు జట్లలో కూర్చోబెట్టండి. ఇంటి తగాదా బల్లమీదికి రాదు, బల్ల తగాదా ఇంటికి పోదు.

వారం మధ్యలో ఫోన్

ఆదివారానికి ఆదివారానికి మధ్య ఆట మరచిపోకుండా బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే యాప్ వాడండి. ఫోన్‌లో ఖాతా ఉచితం. రోబోలతో ఒంటరిగా సాధన చేయొచ్చు. ఏ పాటనైనా నొక్కితే రోబో దాన్ని ఏ అర్థంతో వాడుతుందో రాసి చూపిస్తుంది. ఆ రోబోలు మీరు నేర్చుకున్నదానికంటే బరువైన పద్ధతి ఆడతాయి, కాబట్టి పాట తేడాగా వస్తే కంగారుపడకండి, ముక్కలు వేయడంలో చేయి తిరగడానికి వాడుకోండి. నలుగురూ యూజర్ పేర్లు ఇచ్చిపుచ్చుకుంటే మీకు మీరే ఒక బల్ల తెరిచి, నాలుగు కుర్చీలూ ఆ పేర్లకే కేటాయించుకోవచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడో, హైదరాబాదులో ఉన్న కూతురో నాలుగో చేయి అవుతారు. డబ్బు కట్టి ఆడే పోటీల జోలికి పోకండి. డబ్బు పెట్టి ఆన్‌లైన్ ఆటలాడటాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది.

ఎనిమిదిమంది అయ్యాక

ఎనిమిదిమంది కుదిరిన రోజు బ్రిడ్జ్ అసలు రుచి తెలుస్తుంది. రెండు బల్లలు వేర్వేరు గదుల్లో వేయండి. ఒక జట్టు నలుగురిలో ఇద్దరు మొదటి బల్ల దగ్గర ఉత్తర దక్షిణాలు, మిగిలిన ఇద్దరు రెండో బల్ల దగ్గర తూర్పు పడమరలు. మొదటి బల్ల దగ్గర ఆడిన ముక్కలనే రెండో బల్లకు పంపుతారు. ఒకే చేయి రెండు చోట్లా ఆడితే, మంచి ముక్కలు వచ్చాయి, చెడ్డ ముక్కలు వచ్చాయి అనే మాటకు చోటే ఉండదు. తేడా ఆడినవాళ్లదే.

దీనికి ముక్కలు పెట్టి పంపే బోర్డులు కొనక్కర్లేదు. నాలుగు పొడుగు కవర్ల మీద నాలుగు దిక్కులు రాసి, ఒక అట్టకు అంటించి, ఎవరు పంచినట్టో, ఎవరు వల్నరబులో పైన రాయండి. ఒకటో అట్టకు ఉత్తరం, రెండుకు తూర్పు, మూడుకు దక్షిణం, నాలుగుకు పడమర. ముక్కలు తమ ముందే బోర్లించుకునే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది, ఎవరి 13 వారు తిరిగి కవరులో పెడతారు. పెట్టేముందు లెక్కపెట్టాలి, 12 ముక్కల కవరు రెండో బల్లకు పోతే ఆ ఆట మొత్తం రద్దు. ఒక్కో అట్టకు ఒక పేక కావాలి, ఎనిమిది అట్టలకు ఎనిమిది పేకలు. వాడేసినవైనా ముక్కలు పూర్తిగా ఉంటే చాలు.

ఆరేడు నెలలు ఇలా ఆడాక పెద్ద ఊళ్లో ఒక క్లబ్ పోటీకి వెళ్లండి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాదు, రెండూ జాతీయ రహదారి 44 మీద దాదాపు 210 కిలోమీటర్లు. కడప వాళ్లకు చెన్నై దారి ఉంది. బెంగళూరులో కర్ణాటక స్టేట్ బ్రిడ్జ్ అసోసియేషన్ ఉంది. వెళ్లేముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: కొత్తవారికి వేరే రోజు ఉందా, ప్రవేశ రుసుం ఎంత, ఎన్నింటికల్లా పేరు ఇవ్వాలి. పార్ట్‌నర్‌తో కలిసే వెళ్లండి. మీ ఇద్దరి పాటల పద్ధతి ఒక కాగితం మీద రాసుకుని పోతే అవతలివాళ్లు అడిగినప్పుడు చూపించవచ్చు. అక్కడ పాటలు బిడ్డింగ్ బాక్సులోని కార్డులతో చెబుతారు, నోటితో కాదు. ఒక్కో ఆటకు ఏడెనిమిది నిమిషాలే ఇస్తారు, 24 ఆటలకు మూడు గంటలు పడుతుంది. మన వరండాలో ఒక్కో ఆటకు పావుగంట తీసుకున్నవాళ్లకు ఈ వేగమే మొదట తడబాటు. వెళ్లే ముందు నెలరోజులు గడియారం పెట్టుకుని పది నిమిషాలకు, తర్వాత ఎనిమిదికి తెచ్చుకోండి. ఏదైనా తేడా వస్తే చేయెత్తి డైరెక్టర్‌ను పిలవండి. పిలవడం ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, అక్కడ అది మామూలే.